తెర వెనక బంగారక్క

మొన్న ఆదివారం వంటింట్లో గోంగూర వలుచుకుంటూంటే హాల్లోంచి ఒకటే నవ్వులు. ఏమిటా అని వెళ్ళి చూద్దును కదా, ఇంటర్ చదువుతున్న మావాడు టీవీలో పసుప్పచ్చ మొహాల బొమ్మల్ని చూసి పడీపడీ నవ్వుతున్నాడు. పేరు 'సింప్సన్స్' ట. సరే కార్టూనే కదా అని నేనూ పక్కన కూచున్నాను. తండ్రి వట్టి బద్ధకస్తుడు, బీరు కనిపిస్తే వదలడు. పదేళ్ళ కొడుకు నోటికి హద్దే లేదు.

మా అత్తయ్యగారు జపమాల పక్కన పెట్టి, "ఇదేం కార్టూన్ రా? పిల్లలు చూసేదేనా?" అన్నారు.

"పిల్లలది కాదు నాన్నమ్మా, పెద్దవాళ్ళ కార్టూను."

"పెద్దవాళ్ళకి బొమ్మలేవిట్రా!" అని బుగ్గలు నొక్కుకుని, మళ్ళీ ఆవిడే ఓ నిమిషం ఆగి, "ఓహో... మన జుట్టుపోలిగాడు, బంగారక్కల్లాగన్నమాట!" అన్నారు.

ఆ మాట నన్ను పట్టేసుకుంది. నిజమే సుమండీ! పెద్దవాళ్ళని నవ్వించే బొమ్మలు అమెరికా వాడు కనిపెట్టినవేం కాదు. మన తోలుబొమ్మలాట తెర మీద అవి ఎప్పట్నించో ఆడుతూనే ఉన్నాయి. కాకపోతే తెర వెనకాల ఎవరున్నారో మనం తొంగి చూడలేదు, అంతే.

కొంగు కింద విన్న హాస్యం

1990ల మధ్యలో సంగతి. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. మా రామచంద్రపురానికి దగ్గర్లోనే అమ్మమ్మగారి ఊరు. శివరాత్రికి అక్కడ తోలుబొమ్మలాట పెట్టించారు. చాపలు, దుప్పట్లు పట్టుకుని ఊరంతా వెళ్ళాం. తెర మీద వినాయకుడు, తర్వాత సరస్వతి. ఆ తర్వాత నెత్తి మీద నిక్కిన జుట్టుతో జుట్టుపోలిగాడు, వాడి వెనకే బంగారక్క. బంగారక్క నోరు విప్పగానే అమ్మమ్మ తన కొంగు తీసి నా మొహం మీద కప్పేసింది. కొంగు కప్పితే చెవులు వినబడవా? అన్నీ వినబడ్డాయి. ఒక్క ముక్క అర్థం కాలేదు. అమ్మమ్మ ఒళ్ళో పడుకున్న నాకు, నవ్వాపుకోలేక ఆవిడ పొట్ట అదురుతూ ఉండడం మాత్రం బాగా తెలిసింది.

మొగుణ్ణి చీపురుతో తరిమే బంగారక్క, పెళ్ళాం తిట్లు తిని ఎదురు వాగే జుట్టుపోలిగాడు, వాళ్ళ మధ్య దూరి తగువు పెట్టే కేతిగాడు... వీళ్ళ మాటలు రామాయణంలో ఉండవు. రాత్రంతా సాగే కథ మధ్యలో జనం కునికిపాట్లు పడుతుంటే లేపడానికి వస్తారు. పాటలూ పద్యాలూ రంగనాథ రామాయణం లాంటి పాత కావ్యాల నుంచి తీసుకుంటారు గానీ, హాస్యం మాత్రం అప్పటికప్పుడు అల్లుకునేదే. ఆ ఊరి పిసినారి మీదా ఓ విసురు పడుతుంది, ఆట పెట్టించిన పెద్దమనిషి మీదా పడుతుంది.

బొమ్మ ఎలా తయారవుతుంది?

మేక తోలుని నానబెట్టి, వెంట్రుకలూ కొవ్వూ గీకేసి, సాగదీసి ఎండబెడితే వెలుతురు దూరేంత పల్చగా అవుతుంది. దాని మీద బొమ్మ గీసి, కోసి, రెండు వైపులా రంగులు వేస్తారు. నగలు కనిపించడానికి సన్నటి చిల్లులు పొడుస్తారు. వెనక నుంచి దీపం వెలిగితే ఆ చిల్లులే హారాలూ, వడ్డాణాలూ! భుజం, మోచెయ్యి, మోకాలు విడివిడిగా కోసి, కదిలేలా దారంతో కడతారు. కొన్ని బొమ్మలు మనిషంత ఎత్తుంటాయి. వెనక వెలుగుకి పూర్వం ఆముదం దీపాలు, తర్వాత పెట్రోమాక్సులు, ఆ పైన కరెంటు బల్బులు వచ్చాయి.

ఇందులో ఇంటిల్లిపాదికీ పనే. తండ్రి బొమ్మ ఆడిస్తూ మాట చెబుతాడు, కొడుకు మద్దెల వాయిస్తాడు. యుద్ధం వచ్చినప్పుడు కాళ్ళ కింద చెక్కల్ని టకటకా తొక్కుతారు. సీత, మండోదరి, శూర్పణఖ లాంటి ఆడ బొమ్మల పాటలూ మాటలూ ఆ ఇంటి ఆడవాళ్ళవి. ఆడవాళ్ళు నాటకాల్లో వేషం కడితే నలుగురూ నాలుగు రకాలుగా అనుకునే రోజుల్లో కూడా ఈ తెర వెనక వాళ్ళ గొంతు పలుకుతూనే ఉంది.

ఆ సింప్సన్స్ సంగతి కూడా కాస్త వాకబు చేశాను. మాట్ గ్రోనింగ్ అనే ఆయన సృష్టించిన ఈ కుటుంబం మొదట 1987లో వేరే హాస్య కార్యక్రమం మధ్యలో చిన్న చిన్న ముక్కలుగా వచ్చింది. అచ్చం మన జుట్టుపోలిగాడు రామాయణం మధ్యలో వచ్చినట్టే! 1989 డిసెంబరు నుంచి సొంత సీరియల్ అయింది. అక్కడ ముందు గొంతులు రికార్డు చేసుకుని తర్వాత బొమ్మలు గీస్తారు. ఆ గీతల పని చాలావరకు దక్షిణ కొరియా స్టూడియోల్లో జరిగింది. ఇక అసలు విశేషం... ఆ పెంకి కుర్రాడు బార్ట్ గొంతు ఒక ఆడమనిషిది. పేరు నాన్సీ కార్ట్‌రైట్. చెల్లెలి పాత్ర కోసం వెళ్ళి, నాకీ కుర్రాడి పాత్ర కావాలని అడిగి పుచ్చుకుందిట. లోకమంతా ఆవిడ పేరు తెలుసు. మరి మన బంగారక్కకి గొంతు ఇచ్చిన వాళ్ళో?

"పగలు నేను బంగారక్కని కాదమ్మా!"

రెండేళ్ళ కిందట కాకినాడలో ఒక హస్తకళల ప్రదర్శనకి వెళ్ళాను. తోలు లాంతర్లు అమ్మే దుకాణంలో ఓ పెద్దావిడ కూచుని ఉంది. కాకినాడ పక్కనే సామర్లకోట మండలంలో మాధవపట్నం ఉంది చూశారూ, తోలుబొమ్మలాటకి పేరున్న ఊరు... అటువైపు మనిషే. కబుర్లలో పడి, "మామ్మగారూ, బంగారక్క మాటలు మీ మేళంలో ఎవరు చెప్పేవారండీ?" అని అడిగాను.

ఆవిడ అటూ ఇటూ చూసి, "నేనేనమ్మా" అంది మెల్లగా.

"ఒళ్ళో చంటోడు పాలు తాగుతా ఉండేవోడు. నోట్లో బంగారక్క ఉండేది. తెర ఉంది కదా అని ధైర్యం. తెర తీసేత్తే నేనెందుకంటానమ్మా ఆ మాటలు!"

ఆవిడ చెప్పిన సంగతి ఒకటి ఇప్పటికీ నా మనసులో మెదులుతూనే ఉంది. ఒక ఊళ్ళో ఆట అయ్యాక తెల్లారి ధాన్యం అడగడానికి ఇల్లిల్లూ తిరుగుతోందట. ఒకాయన కుంచం నిండా కొలవకుండా పోసి, "ఏవే బంగారక్కా, రాత్రి అన్నావే, అది మళ్ళీ అను చూద్దాం" అని వెకిలిగా నవ్వాడట. పక్కనున్న వాళ్ళూ నవ్వారు. మొగుడు తల దించుకున్నాడు. ఈవిడ మాట్లాడకుండా వచ్చేసింది. ఆ రాత్రి తెర మీద బంగారక్క జుట్టుపోలిగాణ్ణి నిలదీసిందట. "కుంచానికి బెత్తెడు తక్కువ కొలిచే మగాడివి, నీకు మీసమెందుకురా?" అని! ఊరు ఊరంతా విరగబడి నవ్వింది. ఎవర్నన్నదో అందరికీ తెలుసు.

"భలే చేశారు మామ్మగారూ!" అన్నాను.

"ఏం భలేనమ్మా? పైయేడు ఆ ఊరోళ్ళు మమ్మల్ని పిలవలేదు" అంది.

కూతురికి మాత్రం ఆ మాటలు నేర్పలేదట. "పగటేళ దాన్ని కూడా ఎవడో బంగారక్కా అని పిలిత్తే? వద్దులే అనుకున్నాను. రంగులెయ్యడం నేర్పాను. అదే నయం."

లాంతరు మీద గొంతు ఉండదు

ఆంధ్ర తోలుబొమ్మలకి 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అనంతపురం వైపు నిమ్మలకుంటకి చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. చాలా సంతోషం. సినిమాలూ టీవీలూ వచ్చి ఆటలు తగ్గిపోయాక లాంతర్లూ, గోడ బొమ్మలూ చేసి ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. ఆ దుకాణంలోనూ రాముడున్నాడు, హనుమంతుడున్నాడు, నెమళ్ళు ఉన్నాయి. బంగారక్క లేదు. "ఎవరూ అడగరమ్మా" అంది మామ్మగారు. అడిగినా బొమ్మ వస్తుంది గానీ ఆ గొంతు వస్తుందా? ఆవిడ మాటలు ఎవరూ రాసి పెట్టుకోలేదు. కూతురికి రావు. ఆవిడతోటే సరి.

మనం మాత్రం తక్కువ తిన్నామా? రాత్రి కొంగు చాటున కడుపుబ్బ నవ్వుకున్నాం. తెల్లారాక, "అబ్బే, ఆ మోటు మాటలు మనకెందుకు" అన్నాం. బంగారక్క మాటలన్నీ మంచివని నేననను. ఆడదాన్ని కించపరిచే వెకిలితనమూ అందులో ఉంది. అయితే మొగుడికీ, ఊరి పెద్దకీ తిరిగి సమాధానం చెప్పే ఆడగొంతు కూడా అందులోనే ఉంది. రెండూ కలిపి పారబోశాం.

నా సంగతే చెబుతాను. అంతకు కొన్నాళ్ళ ముందు రాసిన కథలో అరవయ్యేళ్ళ ఇల్లాలు మొగుణ్ణి ఆటపట్టించే మాట ఒకటి రాశాను. చదివిన వాళ్ళు అది నా మాటేననుకుంటారని భయపడి కొట్టేశాను. నాకూ తెర లేదు కదా మరి! కాకినాడ నుంచి వచ్చిన రాత్రి ఆ కాగితం తీసి, కొట్టేసిన వాక్యం మళ్ళీ రాశాను.

అచ్చయిన కథ అత్తయ్యగారి చేతికిచ్చి వంటింట్లోకి పారిపోయాను. కాసేపటికి లోపలికి వచ్చారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు, పొట్ట అదురుతోంది.

"మీ మావగారికి మాత్రం చూపించకే అమ్మాయ్" అన్నారు.