మీకు తెలుసా? స్టెప్నీ ఒక వీధి పేరు

చీరాల, బాపట్ల, రేపల్లె మీదుగా సాగే 216వ జాతీయ రహదారి పక్కన ఏ పంక్చర్ షాపులోనైనా చెల్లే మాట స్టెప్నీయే. మాన్యువల్ చదివిన కారు ప్రియులు మాత్రం ‘స్పేర్ వీల్ అనాలి’ అని పట్టుబడతారు.

స్టెప్నీ అన్నా తప్పేమీ లేదు. తొలినాళ్ల కార్లకు అదనపు చక్రమే ఉండేది కాదు. 1904లో వేల్స్‌లోని లనెల్లిలో థామస్ మోరిస్ డేవిస్ ఆ లోటు తీర్చాడు. స్పోకులు లేని ఉత్త రిమ్ము, దాని మీద గాలి నింపిన టైరు. పంక్చరైన చక్రాన్ని విప్పక్కర్లేదు, పక్కనే బిగిస్తే చాలు! షాపున్న స్టెప్నీ వీధి పేరే సరుకుకూ వచ్చింది. మనలాగే మాల్టావాళ్లూ ఇప్పటికీ ఆ పేరే వాడతారు.

డిక్కీది ఇంకో తమాషా. పాత బ్రిటిష్ కార్లలో అది సామాన్ల చోటు కాదు, వెనక మడత తీస్తే వచ్చే సీటు. అమెరికా తెలుగువాళ్లేమో మన డిక్కీని ట్రంక్ అంటారు.