నీటి మురికిని లెక్కగట్టే వెండి

బయ్యారం అనగానే అందరికీ ఇనుపరాయే గుర్తొస్తుంది. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలులో బయ్యారం అప్పట్లో ఉన్న ఖమ్మం జిల్లాకు ఉక్కు కర్మాగారం సాధ్యమో కాదో పరిశీలించాలని రాశారు. ఆ మాట వెనక ఉన్న బలం ఈ రాయే. అదే ఊళ్లో కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ పదమూడో శతాబ్దంలో కట్టించిన పెద్ద చెరువు ఉంది. బొగ్గును కోక్‌గా మార్చే బట్టీలున్న ఉక్కు ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టినా, వాటి నుంచి ఫినాల్ కలిసిన మురుగు వస్తుంది. ఇలాంటి చెరువున్న ఊరు ఫ్యాక్టరీ కోరుకునేటప్పుడు, ఆ మురుగును ఎవరు, దేనితో కొలుస్తారో కూడా తెలుసుకోవాలి. కొలిచే పరీక్ష పేరు సీఓడీ, అంటే రసాయనిక ఆక్సిజన్ అవసరం. దాని గుట్టంతా సిల్వర్ సల్ఫేట్ అనే తెల్లటి పొడిలో ఉంది.

చూడ్డానికి పంచదార పొడిలా ఉంటుంది గానీ చేతికి బాగా బరువు. నీటికి ఐదున్నర రెట్ల సాంద్రత. బరువులో 69 శాతం అచ్చంగా వెండే. నీళ్లలో అంత తేలిగ్గా కరగదు. 25 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక గ్రాము కూడా పట్టదు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరుగుతుంది గానీ, దానికీ ఒకటి రెండు రోజులు ఓపిక పట్టాలి. వెలుతురు తగిలితే మెల్లగా నల్లబడుతుంది కాబట్టి ముదురు గోధుమరంగు సీసాలో దాచాలి. చర్మం మీద పడితే నల్లటి మరక చేస్తుంది, ఎంత రుద్దినా వెంటనే పోదు.

నీళ్లు ఎంత పాడయ్యాయో చెప్పే పరీక్షల్లో బీఓడీ ఒకటి. నీళ్లలోని సూక్ష్మజీవులు మురికిని తినేటప్పుడు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చూడటం దాని పద్ధతి. మురుగుపై నియమించిన బ్రిటిష్ రాయల్ కమిషన్ 1912లో దానికి ఐదు రోజుల గడువు పెట్టింది. మన వేడి దేశానికి 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు సరిపోతాయని తర్వాత మనవాళ్లు మార్చుకున్నారు. మూడు రోజులైనా ఆలస్యమే, ఈలోపు మురుగు వాగు దాటి చేలల్లోకి పోతుంది. పైగా ఆ నీళ్లలో విషముంటే సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. అప్పుడు నీళ్లు శుభ్రంగా ఉన్నట్టు లెక్క వస్తుంది.

సూక్ష్మజీవుల పని రసాయనంతో చేయిద్దామన్న ఆలోచన పాతదే. పొటాషియం పర్మాంగనేట్‌తో ప్రయత్నించారు, అది సగం మురికినే కాల్చేది. 1949లో అమెరికాలోని సిన్సినాటిలో మూర్, క్రోనర్, రుకాఫ్ట్ అనే ముగ్గురు మురికి నీటిని డైక్రోమేట్ అనే రసాయనంతో ఆమ్లంలో మరిగించే పద్ధతి ప్రకటించారు. ఇది మొండి పదార్థాలను కూడా చాలావరకు కాల్చేసింది. లొంగనివి కొన్ని మిగిలాయి. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం, దాని బంధువులైన తిన్నని గొలుసు కర్బన పదార్థాలు డైక్రోమేట్‌కు చాలావరకు దొరక్కుండా తప్పించుకునేవి. వెండి సల్ఫేట్ తోడు చేస్తే అవి కూడా కాలిపోతాయని మ్యూయర్స్ 1936లోనే సూచించాడు. 1951లో మూర్ బృందం దాన్ని తమ పద్ధతిలో చేర్చింది.

ఇంకో చిక్కు మిగిలింది. నీళ్లలో ఉప్పుంటే దానిలోని క్లోరైడ్ వెండిని పట్టుకుని తెల్లటి మడ్డిగా కూర్చోబెడుతుంది. ఉత్ప్రేరకంగా పనిచేయాల్సిన ఆ వెండి పనిలోకి రాకుండానే పోతుంది. 1963లో డాబ్స్, విలియమ్స్ పాదరస సల్ఫేట్ వేసి క్లోరైడ్‌ను ముందే కట్టిపడేశారు. వెండిని కాపాడటానికి పాదరసాన్ని తెచ్చారు. దానికి మనం ఇప్పటికీ మూల్యం చెల్లిస్తున్నాం.

ప్రయోగశాలలో పని ఇలా సాగుతుంది. 20 మిల్లీలీటర్ల మురుగు గాజు కుప్పెలో పోస్తారు. 0.4 గ్రాముల పాదరస సల్ఫేట్, ఆపైన నారింజ రంగు డైక్రోమేట్ ద్రావణం. చివర్న వెండి కరిగిన ఆమ్లం 30 మిల్లీలీటర్లు, చల్లటి నీళ్లలో కుప్పెను తిప్పుతూ కొంచెం కొంచెంగా. ఇక్కడ తొందర పనికిరాదు. బరువైన ఆమ్లం అడుగున పొరగా ఉండిపోయి, అలాగే మంట పెడితే ఒక్కసారిగా పొంగి పైకి చిమ్ముతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు, పొగలు లాగే హుడ్ లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. నిలువు కండెన్సర్ బిగించి రెండు గంటలు మరిగిస్తారు. నారింజ రంగు పూర్తిగా ఆకుపచ్చకు తిరిగితే మురికి డైక్రోమేట్‌నంతా మింగేసినట్టే, నమూనాను పలచన చేసి మళ్లీ మొదలుపెట్టాలి. రంగు నిలిస్తే, మిగిలిన డైక్రోమేట్ ఎంతో ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో తేలుస్తారు. బ్యూరెట్ నుంచి చుక్క చుక్క పడుతుంటే నీలాకుపచ్చగా ఉన్న ద్రవం ఉన్నట్టుండి ఎర్రటి గోధుమరంగుకు మారుతుంది. ఆ చుక్క దగ్గరే ఆపాలి. నీళ్లలో ఫెర్రస్ రూపంలో ఇనుము ఉన్నా అది డైక్రోమేట్‌ను తింటుంది, మిల్లీగ్రాముకు 0.14 మిల్లీగ్రాముల చొప్పున సీఓడీలో కలుస్తుంది. ఇనుపరాయి ప్రాంతంలో నమూనా తీసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక ఖర్చు. కిలో ఆమ్లానికి ఐదున్నర గ్రాముల సిల్వర్ సల్ఫేట్ వేస్తారు. ఆ లెక్కన ఒక్కో నమూనాకు 0.3 గ్రాములు, అందులో వెండి 0.2 గ్రాములు. యాభై నమూనాలు చేస్తే తులం వెండి ఖర్చు. అందుకే పొదుపు చేయాలన్న బుద్ధి పుడుతుంది. వెండి తగ్గిస్తే పరీక్ష ఆగిపోదు, నంబరు మాత్రం తగ్గి వస్తుంది. చూసేవాడికి నీళ్లు బాగుపడ్డట్టే కనిపిస్తాయి. ఈ పొదుపును నేను చిన్న తప్పుగా చూడలేను. ఆ నంబరు మీదే ఒక వాగు కింది ఊళ్ల బతుకు ఆధారపడి ఉంటుంది.

అలాంటి వాగు మన దగ్గరే ఉంది. పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల మురుగు మోసి మంజీరలో కలిపిన నక్కవాగు. ఆ కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. ఆ ఊరి డాక్టరు కిషన్‌రావు రోగులకు వైద్యం చేస్తూనే ఏళ్ల తరబడి ఈ పోరాటం మోశారు. ఫ్యాక్టరీల మురుగంతా ఒకచోట శుద్ధి చేయడానికి ఉమ్మడి ప్లాంటు కూడా వచ్చింది. 2007లో స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం ఆ ప్లాంటు శుద్ధి చేసి వదిలిన నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించింది. రోజుకు 45 కిలోలు. స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడే మందుకు సమానం.

ఇక్కడే సీఓడీ హద్దు తెలుస్తుంది. 31 మిల్లీగ్రాముల ఆ మందు మొత్తం కాలిపోయినా సీఓడీలో సుమారు 50 మిల్లీగ్రాములే కనిపిస్తుంది. నదుల్లోకి వదిలే నీటికి మన నిబంధనలు ఇచ్చిన సాధారణ పరిమితి 250. పరిమితికి లోబడిన నీళ్లలోనే మందులకు లొంగని సూక్ష్మజీవులను పెంచేంత విషం దాగొచ్చన్నమాట. వెండి పడినా పిరిడిన్ లాంటి పదార్థాలు కాలవు, వాటిని ఈ పరీక్ష అసలు చూడనే చూడదు. సీఓడీ మురికి ఎంతో చెబుతుంది. ఏ మురికో చెప్పాలంటే వేరే యంత్రాలు కావాలి. పటాన్‌చెరు లాంటి చోట ఆ రెండోది కూడా తప్పనిసరి చేయాల్సిందే.

పరీక్ష అయ్యాక కుప్పెలో మిగిలేది వెండి, పాదరసం, విషపు క్రోమియం కలిసిన ఆమ్లం. దాన్ని సింకులో పారబోస్తే నీళ్లను కొలవడానికి నీళ్లనే పాడు చేసినట్టు. వేరే డబ్బాలో పోగు చేసి, ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసే చోటికి పంపాలి. అక్కడ క్లోరైడ్ రూపంలో వెండిని విడదీసి మళ్లీ లోహంగా రాబట్టుకోవచ్చు. ఇప్పుడు మూత బిగించిన చిన్న గాజు గొట్టాల్లో రెండు మూడు మిల్లీలీటర్ల నమూనాతోనే పరీక్ష చేస్తున్నారు, వెండి, పాదరసం పదో వంతుకు తగ్గాయి. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 17 రకాల పరిశ్రమలను నిరంతరం కొలిచే ఆన్‌లైన్ మీటర్లు పెట్టుకోమని ఆదేశించింది. వాటిలో చాలా మీటర్లు నీళ్ల గుండా అతినీలలోహిత కాంతి పంపి, ఎంత కాంతి ఆగిందో చూసి సీఓడీని అంచనా వేస్తాయి. వాటికి వెండి అక్కర్లేదు. ఆ అంచనా సరైనదేనా అని సరిచూడాలంటే మాత్రం అదే నీళ్లను ప్రయోగశాలకు తీసుకెళ్లి, వెండి కరిగిన ఆమ్లంలో రెండు గంటలు మరిగించాలి.