కంటికి కనపడని పోటు

బూర్గంపాడు చుట్టుపక్కల కోయగూడేల్లో వేసవి వచ్చిందంటే తునికాకు పని. ఆకు కోయాలి, కట్టలు కట్టాలి, కల్లానికి మోయాలి. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లకు ఈ కూలే గండం. ఒంట్లో నీరు తగ్గితే చాలు, కాళ్లో నడుమో ఛాతీయో, ఎక్కడో ఒకచోట పోటు లేస్తుంది. చలి, జ్వరం, మితిమీరిన శ్రమ కూడా దాన్ని రేపుతాయి.

మూలం రక్తంలో ఉంది. గుండ్రంగా, మెత్తగా ఉండాల్సిన ఎర్రకణాలు కొడవలిలా వంగి, బిరుసెక్కి, సన్నని నాళాలకు అడ్డుపడతాయి. ప్రాణవాయువు అందనిచోట నొప్పి పుడుతుంది. మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది; కొడవలి కణం 10 నుంచి 20 రోజులకే చితికిపోతుంది. మన దేశంలో ఈ జబ్బు ఆదివాసుల్లోనే ఎక్కువ.

నొప్పికి తోడు మనిషిని కుంగదీసేది అపనమ్మకం. గాయం కనపడదు, చాలాసార్లు వాపూ ఉండదు. నిన్న గంతులేసిన పిల్ల ఇవాళ మంచం దిగదు. "బడి ఎగ్గొట్టడానికి వేషాలు" అంటారు. పెద్దవాళ్లనైతే పనిదొంగలంటారు. బాగున్న రోజుల్లోనూ మళ్లీ ఎప్పుడొస్తుందోనన్న బెంగ వదలదు. బెంగతో నిద్ర చెడుతుంది, నిద్ర లేకపోతే నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. "నావల్లే వచ్చింది" అని తల్లి కుమిలిపోతుంది. నిజానికి తప్పు ఎవరిదీ కాదు. ఈ జబ్బు తెచ్చే జన్యువు అమ్మానాన్నలిద్దరిలోనూ దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం.

రోజూ నొప్పికి సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేసి, ఆ రోజు చేసిన పనీ రాసిపెడితే, ఏది రేపుతోందో ఇంటివాళ్లకు తెలుస్తుంది. డాక్టరుకు చెప్పుకోవడమూ తేలిక. బాగున్న రోజున పనంతా మీదేసుకోకుండా మధ్యమధ్య కూర్చోవాలి. నెమ్మదిగా ఊపిరి తీయడం, వెచ్చని కాపడం, పక్కన ఒక మనిషి ఉండటం భయాన్ని తగ్గిస్తాయి. డాక్టరు రాసిన హైడ్రాక్సీయూరియా మందు క్రమం తప్పకుండా వాడితే చాలామందికి పోట్లు తగ్గుతాయి. జ్వరం, ఛాతీనొప్పి, ఆయాసం వస్తే మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును వైకల్యంగా గుర్తించింది. 40 ఏళ్లలోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని 2023 జూలై 1న జాతీయ కార్యక్రమం మొదలైంది. మనసు మరీ బరువెక్కితే టెలీ మానస్ సహాయవాణి 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చుండదు.

బడిలో చేయాల్సిందీ ఉంది. ఈ జబ్బున్న పిల్లల మూత్రపిండాలు నీటిని సరిగా పట్టి ఉంచలేవు. నీళ్లు తాగుతూనే ఉండాలి, మాటిమాటికీ బయటికి వెళ్లాలి. పంతులుగారు నీళ్ల సీసా దగ్గరే పెట్టుకోనివ్వాలి, నలుగురిలో కారణం అడగకుండా పంపాలి, పోటు వల్ల పోయిన పాఠాన్ని తర్వాత కూర్చోబెట్టి చెప్పాలి.