పాత తుపాకికి వెల కట్టుట

ఇంటి పెద్ద గతించిన పిదప భూమికి, పశువులకు, నగలకు వెల కట్టి పాళ్లు పంచుకొనుట మన రైతులకు క్రొత్త గాదు. తాతగారి తుపాకి వంతు వచ్చునప్పటికి మాత్రము ఎవరికిని ఏమియు తోచదు. ఒకరు లక్షలు పలుకుననుచుందురు. మఱియొకరు పాత ఇనుమనుచుందురు. అంగళ్లు మొదలుకొని మదనపల్లె, పుంగనూరు, కుప్పము వఱకు గల ఈ మెట్టసీమలో, కొండల దాపునను అడవుల అంచునను వేరుసెనగ వేసినవారికి అడవిపందుల బెడద తెలియనిది గాదు. అదియు గాక, ఇది 1948 నాటి మదరాసు చట్టముచే ఎస్టేటులు రద్దగు వఱకు పుంగనూరు, కంగుంది జమీలుండిన సీమ. కావున పాత తుపాకి గల ఇండ్లు ఇచ్చట నుండుటలో వింత లేదు. అట్టి తుపాకిని అమ్మదలచినవారు దాని వెలను ఎట్లు తెలిసికొనవలెనో ఈ మాసము వ్రాయుచున్నాము.

మొదటి సంగతి కాగితము. తండ్రి భూమి కొడుకునకు వచ్చును గాని, తండ్రి లైసెన్సు కొడుకునకు రాదు. 1878 నాటి ఆయుధ చట్టము క్రింద తాతగారు పొందిన లైసెన్సు ఎంత భద్రముగా దాచియున్నను, నేడు అది చరిత్రకు సాక్ష్యమే గాని అధికారము గాదు. ఇప్పుడు నడచుచున్నది 1959 నాటి చట్టము. అది 1962 అక్టోబరు నుండి అమలునకు వచ్చినది. లైసెన్సుదారుడు మరణించినచో తుపాకిని ఆలస్యము చేయక పోలీసు స్టేషనులోనో, లైసెన్సు గల ఆయుధ వర్తకుని వద్దనో అప్పగింపవలెను. అప్పగింపక ఇంట నుంచుకొన్నవానికి 2019 సవరణ తరువాత రెండేండ్లకు తక్కువ గాని, ఐదేండ్ల వఱకు గల శిక్షయు, జరిమానాయు విధింపవచ్చును. అమాయకముగా అటకమీద నుంచితిమన్న మాట న్యాయస్థానమున చెల్లునని నమ్మి యుండరాదు.

అప్పగించినంత మాత్రమున తుపాకి పోయినట్లు గాదు. చట్టము 21వ విభాగము ప్రకారము చనిపోయినవాని వారసుడు దానిని అర్హుడైనవానికి అమ్మించి సొమ్ము తీసికొనవచ్చును, లేక తన పేర లైసెన్సు పొంది తిరిగి తెచ్చుకొనవచ్చును. నియమిత గడువులో ఈ రెండును చేయనిచో కలెక్టరు ఉత్తరువుచే అది ప్రభుత్వపరమగును. అన్నదమ్ములు వాటాలకై తగవులాడుచు ఏండ్లు గడుపు ఇండ్లలో జరుగు నష్టమిదియే. తక్కిన వారసుల సమ్మతిపత్రము ముందే వ్రాయించుకొన్నచో సగము పని అయినట్లే. అప్పగించునప్పుడు గొట్టముపై నున్న నంబరుతో సహా రసీదు పొందవలెను. స్టేషను గదిలో తుప్పు పట్టునను భయమున్నవారికి వర్తకుని వద్ద నుంచుటయే మేలని మా అభిప్రాయము. దానికి కొంత రుసుము పడును.

ఇక వెల. లండను వేలములలో పర్డీ, హాలెండు కంపెనీల జంట తుపాకులు పలికిన ధరలు విని ఆశపడుట సహజము. అయితే నూఱేండ్లు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తు చట్టము క్రిందికి వచ్చుటచే దానిని విదేశమునకు పంపరాదు. కావున మన తుపాకికి గిరాకి మన దేశములోని లైసెన్సుదారులే. వారికిని 2019లో హద్దు వచ్చినది: అంతకు ముందు ఒకరు మూడు తుపాకులుంచుకొనవచ్చును, ఇప్పుడు రెండే. మూడవదానిని వదలుకొనవలసినవారందఱు అమ్మకమునకు దిగినప్పుడు ఏ వస్తువు ధర నిలుచును? టమాట మండీలో బండ్లు ఎక్కువైన దినమున ఏమగునో మదనపల్లె రైతునకు మేము చెప్పనక్కరలేదు. విలాయతి పిస్తోళ్లకు ప్రియముండవచ్చును. పొడుగు తుపాకులకు ఆ భాగ్యము లేదు.

అయినను అన్నియు ఒకటి గావు. చూచుటకు ముందు, అందులో మందు లేదని నిశ్చయించుకొనవలెను. మూతినుండి మందు కూరు నాటుతుపాకిలో ఎన్నేండ్ల క్రిందటి మందైనను మిగిలి యుండవచ్చును. సన్నని కఱ్ఱను గొట్టములోనికి అడుగంట దింపి, మూతివద్ద గుఱుతు పెట్టి, వెలుపల గొట్టము ప్రక్కన ఆనించి చూడుడు. కఱ్ఱ కొన నిప్పురంధ్రము దాక రానిచో లోపల ఏదో యున్నదన్నమాట. ఆ తుపాకిని ముట్టక, ఎఱిగినవానికి చెప్పవలెను. ఈ పరీక్షయందు ముఖము గాని చేయి గాని మూతికి ఎదురుగా నుండరాదు.

గొట్టము నడుమ పట్టెపై చెక్కిన పేరును చూచి మోసపోరాదు. మదరాసు మౌంటురోడ్డులోని పి. ఆర్ అండ్ సన్సు, కలకత్తాలోని మాంటన్ కంపెనీ వంటివారి పేరుండినను, అది తరచు అమ్మినవాని పేరే. చేసినవాడు బర్మింగుహాములోని పనివాడు కావచ్చును. నిజము తెలుపునవి గొట్టములను విడదీసి తలక్రిందు చేసినప్పుడు కానవచ్చు ముద్రలు. కిరీటము క్రింద అడ్డముగా పెట్టిన రాజదండములున్నచో బర్మింగుహాము పరీక్షాశాల ముద్ర. ఆ శాల 1813లో ఏర్పడినది. కోడిగ్రుడ్డు ఆకారపు గీతలో ఇ.ఎల్.జి. అని యున్నచో బెల్జియములోని లియేజి నగరపుది. 'నాట్ ఫర్ బాల్' అను మాట యున్నచో అది సుమారు 1875, 1887 సంవత్సరముల నడుమ పరీక్షింపబడినది. ఎన్.పి. అను అక్షరములు పొగలేని మందునకు తట్టుకొనునని పరీక్షించిన గుఱుతు. అవి లేని పాత గొట్టములో, అందును మెలిదిరిగిన చారలు గల డమాస్కసు గొట్టములో, నేటి తూటా వేయుట ప్రాణాపాయము. చారలు చూడ ముచ్చటగా నుండును. కాని కాల్చుటకై కొనువాడు వానికి వెల పెట్టడు.

1814లో స్థాపితమైన పర్డీ, 1812 నాటి వెస్ట్లీ రిచర్డ్సు, 1835 నాటి హాలెండు వంటి పేరుగల కంపెనీల తుపాకియైనచో, నంబరును బట్టి అది ఎప్పుడు తయారయ్యెనో వారి పాత పుస్తకములనుండి తెలిసికొనవచ్చును. ఆ ఉత్తరము చేతనుండుట అమ్మకమునకు బలము.

పిదప స్థితి. గొట్టములోపల వెలుతురుకు ఎదురుగా చూడగా అద్దమువలె నున్నదా, మచ్చలు, గుంటలు పడినవా? మూసి ఊపినప్పుడు గొట్టములు కదలుచున్నవా? కదలినచో కీలు అరిగినది, బాగుచేయుటకు ఖర్చగును. గొట్టముల మూతులవద్ద రెంటి నడుమ సందున్నచో ఎవరో కోసి పొట్టి చేసిరనుకొనవలెను. గొట్టముల నంబరును, క్రింది ఇనుప కట్టు నంబరును ఒకటి కానిచో వెల బాగుగా తగ్గును. గుఱ్ఱములు (అనగా తూటాను కొట్టు సుత్తులు) పైకి కనబడు తుపాకులు సామాన్యముగా పాతవి. 1875లో వెస్ట్లీ రిచర్డ్సు పనివారు ఆన్సన్, డీలీ గుఱ్ఱములు లోపల నుండు కట్టును కనిపెట్టిరి.

అమ్ముటకు ముందు మెఱుగు పెట్టించువారు తమ సొమ్మును తామే చెఱుపుకొందురు. పాత రంగును, చెక్కడపు గీతలను ఆకురాయితో రుద్దినచో తెలిసినవాడు వెంటనే వెల తగ్గించును. గోడకు అలంకారముగా నుంచుటకై గొట్టమునకు రంధ్రము వేయించుట మఱింత తెలివితక్కువ. అప్పు కొఱకు తాకట్టు పెట్టుట అసలే కూడదు. లైసెన్సు లేనివాని చేతికి ఇచ్చుటయే నేరము గనుక మన సంఘములును దానిని పట్టుకొనజాలవు.

పైరు కాపలాకై తానే ఉంచుకొనదలచిన రైతునకు చట్టము 13వ విభాగమున మార్గము గలదు: పైరును కాచుకొనుటకు నాటుతుపాకికి లైసెన్సు అడుగవచ్చును, అది చాలదని అధికారి తలచినచో లోపల నునుపుగా నుండు వేఱొక గొట్టపు తుపాకికి ఇయ్యవచ్చును. అయితే లైసెన్సు తుపాకికే గాని, మృగమును కాల్చుటకు గాదు. 1972 నాటి వన్యప్రాణి చట్టము వేఱుగా నున్నది. కౌండిన్య అభయారణ్యపు ఏనుగుల మాట చెప్పనే అక్కరలేదు.

అమ్మదలచినవారు తుపాకిని చంకనిడుకొని బెంగుళూరునకో చెన్నపట్టణమునకో పోరాదు. లైసెన్సు లేక తీసికొనిపోవుటయు నేరమే. అది అప్పగించియున్న చోటనే అధికారి ఎదుట ముద్రలను, పేరును, నంబరును, దస్తాను సెల్‌ఫోనుతో చక్కగా ఛాయాచిత్రములు తీసి, లైసెన్సు గల ఇద్దఱు ముగ్గురు వర్తకులకు పంపి ధర అడుగుడు. ఒక్కని మాటపై నిలువవద్దు. కొనువాడు లైసెన్సుదారుడై, అందులో మఱియొక తుపాకికి చోటున్నవాడై యుండవలెను. ఒక లైసెన్సుదారుడు మఱియొక లైసెన్సుదారునకు అమ్మునప్పుడు జిల్లా మేజిస్ట్రేటునకో సమీప పోలీసు స్టేషనునకో ముందుగా వ్రాతమూలముగా తెలిపి, నలుబదియైదు దినములు గడచిన తరువాతనే తుపాకి చేతులు మార్చవలెను. ఆ వ్రాతకు అందినట్లు సంతకము పెట్టించుకొని ఒక ప్రతిని ఇంట నుంచుకొనుడు.