బువ్వ ఖర్చు తగ్గితె బతుకు బాగువడ్డట్టేనా?

2025 జూలై 14న మా తిరుమలగిరిల ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కొత్త రేషన్ కార్డుల పంపిణీ మొదలువెట్టిండు. కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం పైస లేకుండ వస్తున్నయి. మంచిదే. మరి బియ్యం కొనుడు తప్పి మిగిలిన పైస ఏడికి పోతున్నది?

కేంద్రం జేసిన ఇంటి ఖర్చుల సర్వే జూడుండ్రి. 1999-2000ల దేశంల పల్లె ఇల్లు నూరు రూపాయలు ఖర్చువెడితె అండ్ల 59 తిండికే పొయ్యేటివి. 2022-23ల 46 అయినయి. బియ్యం, గోధుమ, జొన్నల అసొంటి గింజలకైతే 22 నుంచి 5కు పడ్డయి.

తిండి వాటా తగ్గిందంటె ఆదాయం పెరిగినట్టని 1857లనే జర్మనీ లెక్కల పండితుడు ఎర్నెస్ట్ ఎంగెల్ చెప్పిండు. కొంత నిజమే. గటుక తాగిన ఇండ్లల్ల ఇయ్యాల పాలు, గుడ్లు ఉన్నయి. కని ఆ ఖాళీ జాగల జొచ్చినవి ఏంది? బండి పెట్రోలు, ఫోన్ రీచార్జి, ప్రైవేటు బడి ఫీజు, దవాఖాన బిల్లు. బండి, ఫోను మన ఇష్టం అనుకుందాం. ఫీజు, బిల్లు ఇష్టపడి కట్టేటివి గావు. సర్కారు బడి, సర్కారు దవాఖాన మీద నమ్మకం లేక కట్టేటివి.

ఇంకో సంగతి. అప్పుకు కట్టే మిత్తి ఈ సర్వేల ఖర్చు కింద లెక్కకు రాదు. పిల్ల సదువుకో, ఆపరేషన్‌కో తెచ్చిన అప్పు కిస్తులు నెలనెలా ఇల్లును పిండుతున్నా కాయితం మీద కనవడయి.

బియ్యం ఇచ్చిండ్రు, సంతోషం. బడి, దవాఖాన గూడ గట్లనే నమ్మకంగ ఇయ్యాలె. గప్పుడే బియ్యంల మిగిలిన పైస ఇంట్ల మిగుల్తది.