నాన్న దిగితే కొడుకు ఎక్కే కొలువు

2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పుడు నెల్లూరు పక్కనే ఉన్న పడుగుపాడు దగ్గర పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయాయి. చెన్నై, విజయవాడల మధ్య రైళ్లు ఎక్కడివక్కడ ఆగాయి. గూడూరు, నెల్లూరు, బిట్రగుంట, కావలి మీదుగా తీరాన్ని అంటిపెట్టుకుని సాగే ఈ లైనుకు వాయుగుండాలు కొత్త కాదు. అలాంటి రాత్రుల్లో సుత్తీ పానా భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచేది గ్యాంగ్‌మన్. ఇప్పటి హోదాలో ట్రాక్ మెయింటెయినర్.

ముప్పైల్లో ఉన్నవాడు ఆ పని చేస్తాడు. యాభై దాటిన మోకాళ్లతో, మసకబారిన చూపుతో ఎన్నాళ్లు చేయగలడు? ఇంజన్ నడిపే డ్రైవరుదీ అదే బాధ. కంటి పరీక్ష దగ్గర పడినప్పుడల్లా గుండెల్లో రాయి పడుతుంది.

దీనికి రైల్వే బోర్డు 2004 జనవరి 2న ఒక ఉపాయం కనిపెట్టింది. డ్రైవర్లు, గ్యాంగ్‌మన్‌లలో వయసు పైబడినవారు స్వచ్ఛందంగా తప్పుకుంటే, వాళ్ల పిల్లల్లో ఒకరికి రైల్వేలో ఉద్యోగం ఇస్తామంది. 2010 సెప్టెంబరులో దీన్ని భద్రతకు సంబంధించిన మరికొన్ని కింది స్థాయి కొలువులకూ విస్తరించి పొడవాటి పేరొకటి పెట్టారు. కార్మికుల నోట అది ‘లార్జెస్’గా స్థిరపడింది. అప్పటి నుంచి గ్యాంగ్‌మన్‌కు 20 ఏళ్ల సర్వీసు, 50 నుంచి 57 మధ్య వయసు ఉండాల్సి వచ్చేది. డ్రైవరుకైతే 33 ఏళ్ల సర్వీసు, 55 నుంచి 57. బిడ్డ రాతపరీక్షలోనూ వైద్యపరీక్షలోనూ నెగ్గితేనే తండ్రి స్వచ్ఛంద విరమణ చెల్లేది. నెగ్గకపోతే తండ్రి మళ్లీ సుత్తి పట్టాల్సి వచ్చేది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఈ పథకం పుట్టడానికి సరిగ్గా ఒక రోజు ముందు, 2004 జనవరి 1 నుంచి, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో కొత్తగా చేరేవారికి పాత పింఛను పోయి ఎన్‌పీఎస్ అనే కొత్త పింఛను విధానం వచ్చింది. అంటే తండ్రి పాత పింఛనుతో బయటికి నడిస్తే, కొడుకు అది లేని కొలువులోకి అడుగుపెట్టాడు. అయినా ఎవరూ వెనకాడలేదు. ఎందుకు వెనకాడతారు? ఆవిరి ఇంజన్ల కాలం నుంచీ రైలు మీదే బతికిన బిట్రగుంట లాంటి ఊళ్లో రైల్వే కొలువంటే నెల జీతమే కాదు. క్వార్టర్సు, పాసు, రైల్వే ఆసుపత్రి, పెళ్లి సంబంధాల్లో మర్యాద కూడా.

పెద్దవాళ్లను తప్పించి కుర్రాళ్లకు చోటివ్వాలన్న ఆలోచన రైల్వేది మాత్రమే కాదు. బ్రిటన్ 1977లో ‘జాబ్ రిలీజ్ స్కీమ్’ పెట్టింది. రిటైర్మెంటుకు దగ్గరపడినవారు ముందే దిగిపోతే ప్రభుత్వం వారం వారం భృతి ఇచ్చేది. షరతల్లా ఆ ఖాళీ కారణంగా నిరుద్యోగుల జాబితాలోంచి ఒకరిని తీసుకోవాలి. 1988 దాకా నడిచింది. మన దగ్గర ఎన్టీఆర్ అధికారంలోకి వచ్చిన కొత్తలో, 1983 ఫిబ్రవరిలో, ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును ఒక్క కలంపోటుతో 58 నుంచి 55కు దించారు. యువతకు ఉద్యోగాలు దొరుకుతాయన్నది అప్పటి వాదన. ఎవరినీ అడిగింది లేదు. వేలమంది అమాంతం ఇంటిదారి పట్టారు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నిర్ణయం చెల్లుతుందని చెప్పేనాటికే, 1984లో, వయసు మళ్లీ 58కి చేరింది.

ఈ మూడింటిలో తేడా ఎక్కడుందో చూడాలి. బ్రిటన్ దిగిపోయేవాడికి డబ్బిచ్చింది, ఖాళీ ముక్కూమొహం తెలియని నిరుద్యోగికి వెళ్లింది. ఎన్టీఆర్ ప్రభుత్వం ఎవరినీ అడగకుండానే ఇంటికి పంపింది. రైల్వే మాత్రం ఉద్యోగాన్నే నష్టపరిహారంగా ఇచ్చింది. ఖజానాకు అది చవక బేరం. కానీ ఆ ఉద్యోగం తండ్రిదీ కాదు, రైల్వే బోర్డుదీ కాదు. 2019లో రైల్వే లెవెల్-1 పోస్టులు 1,03,769 ప్రకటిస్తే కోటికి పైగా దరఖాస్తులు వచ్చాయి, పరీక్షలు మొదలయ్యేసరికి 2022 ఆగస్టు అయింది. ఆ వరుసలో నిలబడిన కూలివాడి కొడుక్కి ఏం సమాధానం చెప్పాలి?

ఈ ప్రశ్నే కోర్టుకెక్కింది. 2016 ఏప్రిల్‌లో పంజాబ్-హర్యానా హైకోర్టు ఈ పథకం ప్రాథమికంగా చూస్తే రాజ్యాంగ పరీక్షకు నిలవదని చెప్పింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. 2017 అక్టోబరు 27 నుంచే పథకం ముగిసినట్టు రైల్వే ప్రకటించింది. 2021 జనవరిలో మరో కేసులో సుప్రీంకోర్టు దీన్ని దొడ్డిదారి ప్రవేశమనే అన్నది.

సింగరేణి బొగ్గు గనులదీ ఇంచుమించు అదే కథ. 2016 చివర్లో పునరుద్ధరించిన వారసత్వ ఉద్యోగాలను 2017 మార్చిలో హైకోర్టు కొట్టేసింది, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టూ కాదంది. ఆ తర్వాత ‘మెడికల్ అన్‌ఫిట్’ అయిన కార్మికుడి వారసుడికి కారుణ్య నియామకం అనే దారి తెరిచారు. దానితో మెడికల్ బోర్డు చుట్టూ దళారుల మీద ఆరోపణలు మొదలయ్యాయి. ఆరోగ్యంగా ఉన్నవాడు రోగినని నిరూపించుకోవడానికి తిరగాల్సి రావడం కంటే విడ్డూరం ఏముంటుంది?

కోర్టులు చెప్పింది సబబే. అయితే 55 ఏళ్ల మోకాళ్ల సంగతి అక్కడే మిగిలిపోయింది. ముందే దిగిపోయే గ్యాంగ్‌మన్‌కు గౌరవంగా డబ్బు ముట్టజెప్పి, ఖాళీని పరీక్షతో నింపడం ఒక్కటే రెండువైపులా న్యాయమైన దారి. అది ఖర్చుతో కూడిన పని కాబట్టే ఎవరూ ఎత్తుకోవడం లేదు.

ఒక హెచ్చరిక మిగిలింది. సర్వీసులో ఉండగా చనిపోయినవారి, వైద్యపరంగా పూర్తిగా అనర్హులైనవారి కుటుంబాలకు కారుణ్య నియామకాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటికి దరఖాస్తు రైల్వే కార్యాలయంలోనే పెట్టుకోవాలి. లార్జెస్ మళ్లీ వస్తోందని, ముందుగా కొంత కడితే పేరు రాయిస్తామని ఎవరైనా ఇంటికొస్తే పైసా ఇవ్వకండి.