పాత కారు రేకుపై రంగు తొలగించడం

లోహక్షయం గురించి గత పాఠంలో చదివారు. దాన్ని కళ్లారా చూడాలంటే, 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ కారు డోరు ఒకటి తీసుకొని, పాత రంగంతా ఊడ్చి, విశాఖపట్నంలో ఒక రాత్రి ఆరుబయట ఉంచితే చాలు. నేను ఒకసారి ఆ పని చేశాను. ప్రయోగం కోసం కాదు, తెలియక. సాయంత్రం వెండిలా మెరిసిన రేకు తెల్లవారేసరికి కాషాయపు పొడి చల్లినట్టు కనిపించింది.

కారణం గమనించండి. సముద్రపు గాలి సోడియం క్లోరైడ్ కణాలను మోసుకొస్తుంది. రేకుపై పడిన ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొని కంటికి ఆనని నీటి పొరగా మారుతుంది. ఆ పొర విద్యుత్ వాహకం కాబట్టి ఇనుము త్వరగా ఆక్సీకరణం చెందుతుంది. అందుచేత మన ఊళ్లో రంగు తీయడం కంటే, తీసిన తరువాత ప్రైమర్ పడేదాకా గడిచే సమయమే ముఖ్యం. ఆ రోజు ఎన్ని భాగాలకు ప్రైమర్ వేయగలరో అన్నిటికే రంగు తీయండి. ఎపాక్సీ ప్రైమరైతే మేలు. సాధారణ ప్రైమర్ తేమను పూర్తిగా ఆపదు.

పని మొదలుపెట్టే ముందు రేకును మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. లేకపోతే గరుకు కాగితం ఉప్పును గీతల్లోకి నెడుతుంది. పాత రంగులో సీసం ఉండవచ్చు. పొడిగా రుద్దితే ఆ ధూళి ఊపిరితిత్తులకు చేరుతుంది. తడిపి రుద్దితే ధూళి లేవదు, కానీ తుప్పుకు దారి దొరుకుతుంది. ఈ రెంటిలో నేను తడినే ఎంచుకుంటాను, వెంటనే బ్లోయరుతో ఆరబెడతాను. తుప్పును మళ్లీ రుద్దవచ్చు, ఊపిరితిత్తులను రుద్దలేం కదా!

పెయింట్ రిమూవర్ పని సులువు చేస్తుంది. అయితే కొన్నిటిలో డైక్లోరోమీథేన్ ఉంటుంది. శరీరం దాన్ని కొంతమేర కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. మూసిన షెడ్డులో దీన్ని వాడటం ప్రాణాపాయం. ధూళి మాస్కు ఆ ఆవిరిని ఆపదు. రిమూవర్ అవశేషం అతుకుల్లో మిగిలితే కొత్త రంగు పొక్కులుగా లేస్తుంది. కాస్టిక్ సోడా ఉక్కుకు పనికొస్తుంది, అల్యూమినియాన్ని మాత్రం హైడ్రోజన్ వాయువు వెలువరిస్తూ కరిగిస్తుంది. కాబట్టి ముందు అయస్కాంతం ఆనించి చూడండి. అంటుకోని భాగానికి కాస్టిక్ సోడా తగలనివ్వకండి.

ఇక బ్లాస్టింగ్. ఓడల మందపాటి ప్లేట్లకు అది తగిన పద్ధతి. పలుచని బానెట్ రేకు ఆ తాకిడికి వంకర పోతుంది. పైగా ఇసుక వాడితే సిలికా ధూళి వల్ల సిలికోసిస్ వస్తుంది.

అభ్యాసం: ఉదయం రంగు తీసిన డోరుకు మధ్యాహ్నం ప్రైమర్ వేయబోతుండగా వాన మొదలైంది. మీరు ఏం చేస్తారు? ఎందుకు?